తలుపు వైపు తిరిగిన ముక్కాలిపీట

తెల్లవారి ప్రార్థనకు అందరికంటే ముందు చాపెల్ తలుపు తీసేది సిస్టర్ శౌరమ్మే. ఆ రోజు కూడా తాళం తీసి, ప్రసాదపు అప్పం ఉంచే మందసం ముందున్న దీపం వత్తి ఎగదోసి, వెనక్కి తిరిగేసరికి మూలనున్న ముక్కాలిపీట ఆమె కంటపడింది. పీట తలుపు వైపు చూస్తోంది.

ముక్కాలిపీటకు ముందూ వెనకా ఏముంటాయి అనిపించవచ్చు. ఈ పీటకు ఉన్నాయి. దాని మూడు కాళ్ళలో ఒకదాని మీద ఎవరో ఎన్నడో ఉలితో చిన్న సిలువ గుర్తు చెక్కారు. ఆ కాలు మందసం వైపు ఉంటే ఎవరికీ ఏ అవసరమూ లేదని అర్థం. తలుపు వైపు ఉంటే, ఎక్కడో ఎవరో తోడు లేకుండా ప్రాణం విడుస్తున్నారని, వెళ్ళి పక్కన కూర్చోవాలని అర్థం.

శౌరమ్మ తలుపులోంచి బయటికి తొంగిచూసింది. సందులో ఇంకా చీకటి. పాలవాడి బండి చప్పుడు కూడా లేదు. పీటను తిప్పుదామని వంగి రెండు చేతులూ దాని మీద ఆనించింది. చెక్క వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినంత వెచ్చగా.

చేతులు లాక్కుని కొంగుకు తుడుచుకుంది. మళ్ళీ ధైర్యం తెచ్చుకుని పీటను మందసం వైపు తిప్పేసి, దూరంగా వెళ్ళి మోకరించింది. ఆ పొద్దు కీర్తనల్లో ఏ చరణం చదివిందో ఆమెకు గుర్తులేదు.

ఆ ఇల్లు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కుపోయి ఉంటుంది. సందు మొదట్లో నిలబడి చూస్తే పైథాన్, జావా, క్లౌడ్ అని రాసిన ఫ్లెక్సీలే తప్ప ఇల్లు కనపడదు. కాస్త లోపలికి వస్తే పాత ఇనుప గేటు, గేటు మీద 'వ్యాకులమాత మహిళా హాస్టల్' అన్న పెద్ద బోర్డు, దాని కింద 'తోడు కన్యాస్త్రీల మఠం' అని ఇంకో చిన్న బోర్డు ఉంటాయి. పెద్ద బోర్డుకు ఏటా రంగు వేయిస్తారు. చిన్నదాని సంగతి ఎవరూ పట్టించుకోరు.

తోడు సిస్టర్ల కథ మాత్రం హాస్టల్‌తో మొదలవలేదు. చాలాకాలం కిందట కృష్ణ ఒడ్డున ఒక ఊరికి కలరా తగిలింది. రోగులను ఊరి బయట పాకలో పడేసి జనం తలుపులు మూసుకున్నారు. పిల్లాజెల్లా లేని రోసమ్మ అనే వితంతువు ఒక్కతే, పాలు పితికే ముక్కాలిపీట చంకన పెట్టుకుని, కాళ్ళకు చెప్పులైనా లేకుండా ఆ పాకకు నడిచి వెళ్ళింది. మందు ఇవ్వడం ఆమెకు రాదు. ఒక్కొక్కరి పక్కన పీట వేసుకుని కూర్చోవడం ఒక్కటే వచ్చు. తరవాత మరో ఇద్దరు ఆడవాళ్ళు ఆమెతో చేరారు. బిషప్ గారు వచ్చి దీవించాక ఆ ముగ్గురూ ఒక కన్యాస్త్రీల సభ అయ్యారు, రోసమ్మ మదర్ రోసమ్మ అయింది.

ఆమె పెట్టిన నియమాలు చాలా చిన్నవి. మన ఆసనం మనమే తీసుకెళ్ళాలి, ఆ ఇంటివాళ్ళను కుర్చీ కూడా అడగకూడదు. మతం అడగకూడదు. పైకి వినపడేలా ప్రార్థించకూడదు. పేరు మాత్రం అడగాలి. ప్రాణం పోయేవేళ ఆ పేరును పూర్తిగా చెవిలో పలకాలి, ఈ లోకంలో ఆ మనిషి చివరగా వినేది తన పేరే కావాలి. కబురు వచ్చినప్పుడు గేటు దగ్గరి సిస్టర్ పీటను తలుపు వైపు తిప్పి ఊరుకుంటుంది. అలా ఉండగా దాన్ని మొదట ఎవరు చూస్తే వాళ్ళదే వంతు. ఎందుకని అడగకూడదు, ఇంకొకరిని పంపకూడదు, పీట తీసుకుని వెళ్ళాలి.

శౌరమ్మ ఈ సభలో చేరింది ఆ పీటను చూసే. గుంటూరు వైపు మిరపకోతలకు పోయే ఇల్లు వాళ్ళది. ఒక ఎండాకాలం మిరపకల్లంలో పరాయి ఊరి ముసలి కూలీ ఒకామె కుప్పకూలింది. ఎక్కడినుంచి వచ్చిందో గానీ ఒక కన్యాస్త్రీ ఆమె పక్కన పీట వేసుకుని, పొద్దుగూకేదాకా మాటాపలుకూ లేకుండా కూర్చుంది. అంతా అయ్యాక పీట తీసుకుని లేచి, కొంగుకంటిన మిరపగింజలు దులుపుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పదో తరగతి పరీక్షలు రాయగానే శౌరమ్మ ఆ దారి వెతుక్కుంటూ బయలుదేరింది.

కన్యాస్త్రీగా మాటపట్టు తీసుకున్నాక ఆమెను హైదరాబాద్ పంపారు. ఇక్కడ కూర్చోవడం నేర్పింది సిస్టర్ ఇన్నాసమ్మ. కూర్చోవడంలో నేర్పడానికేముందని శౌరమ్మ మొదట నవ్వుకుంది. మంచానికి ఎంత దూరంలో పీట వేసుకోవాలి, దగ్గు వస్తే ఎలా ఆపుకోవాలి, పోయేవాళ్ళ కళ్ళు మన భుజం మీదుగా వెనక ఎవరినో చూస్తున్నప్పుడు తల తిప్పకుండా ఎలా ఉండాలి, అన్నీ ఇన్నాసమ్మ చెప్పింది. "వెనక ఎవరుంటే నీకెందుకే," అనేది. "నీ ముందున్న మనిషిని చూడు."

అలా శౌరమ్మ ఏళ్ళ తరబడి పంజాగుట్ట ఆసుపత్రి వార్డుల్లో కూర్చుంది. తరవాత పాసులు వచ్చాయి, గేటుకాడ సెక్యూరిటీ వచ్చింది. ఒకసారి ఎవరో కుర్రాడు ఫోను ఆమె ముఖానికి పెట్టి, ఎవరిని మతం మార్చడానికి వచ్చావని అడుగుతూ వీడియో తీశాడు. పెద్ద సిస్టర్లు ఇక చాలన్నారు. ఆ వెనకే కరోనా వచ్చింది. ఇన్నాసమ్మను అంబులెన్సులో తీసుకెళ్ళారు, ఎవరినీ వెంట రానివ్వలేదు. ఎందరి పక్కనో కూర్చున్న మనిషి, తన పక్కన ఎవరూ లేకుండానే పోయింది. ఆ తరవాత పీట తలుపు వైపు తిరగలేదు. శౌరమ్మ హాస్టల్ డెస్క్ ముందు కుర్చీలో కూర్చుని, గీజర్ పనిచేయట్లేదని, వైఫై రావట్లేదని, పక్క మంచం పిల్ల గురక పెడుతోందని అమ్మాయిలు చెప్పేవి వింటూ ఉంటుంది.

అలాంటి పీట ఇప్పుడు తిరిగింది. ఒక్కరోజుతో ఆగలేదు. మర్నాడూ, ఆ మర్నాడూ అంతే. రోజూ తెల్లవారుజామున తలుపు తీసేసరికి సిలువ గుర్తున్న కాలు గుమ్మం వైపు ఉంటుంది, చెక్క వెచ్చగా ఉంటుంది. రోజూ శౌరమ్మ దాన్ని మందసం వైపు తిప్పేస్తుంది. కబురు తెచ్చినవాళ్ళు ఎవరూ గేటు దగ్గర లేరు కదా, ఎక్కడికని వెళ్ళను, అని తనకు తాను చెప్పుకుంటుంది. చాపెల్ తాళంచెవి ఇంకొకటి ఆఫీసు గదిలో మేకుకు వేలాడుతూ ఉంటుంది కాబట్టి, ఎవరో అమ్మాయిల పని అయ్యుంటుందని కూడా చెప్పుకుంటుంది.

చివరికి సుపీరియర్‌తో చెప్పింది. ఆ ఇంటి సుపీరియర్ సిస్టర్ జసింత వయసులో శౌరమ్మకంటే చాలా చిన్నది. సోషల్ వర్క్ చదివింది. హాస్టల్ సజావుగా నడుస్తోందన్నా, మంచాన పడిన ముసలి సిస్టర్లకు వేళకు మందులు అందుతున్నాయన్నా ఆమె చలవే.

"మెట్రో అదురుకి సిస్టర్," అంది జసింత ఫోనులోంచి తల ఎత్తకుండా. "నా బల్ల మీద పెన్ను కూడా దొర్లిపోతోంది."

శౌరమ్మ చాపెల్ తెరిచే వేళకు మెట్రో ఇంకా మొదలుకాదు. జసింత ఆ వారమంతా ఊపిరాడని పనిలో ఉంది. ఆ ఏడు సభ జూబ్లీ. 'స్థాపక స్ఫూర్తితో మూలాలకు మరలుదాం' అని ఫ్లెక్సీలు కొట్టించారు, సెమినార్లు పెట్టారు, మదర్ రోసమ్మ బొమ్మతో కీచైన్లు కూడా చేయించారు. సభ ఇళ్ళన్నిటికీ పెద్ద అయిన ప్రొవిన్షియల్ గారు ఉండే హౌస్‌లో ఒక ప్రదర్శన ఏర్పాటవుతోంది. మదర్ రోసమ్మ స్వయంగా కూర్చున్నదని అందరూ నమ్మే ఆ ముక్కాలిపీట, అద్దాల పెట్టెలో అక్కడే శాశ్వతంగా ఉండబోతోంది. ఆదివారం ప్రొవిన్షియల్ గారు వచ్చి తీసుకెళతారు.

"పీట అక్కడ పెట్టేస్తే మనం దేని మీద కూర్చుంటాం సిస్టర్?" అని అడిగింది శౌరమ్మ.

జసింత ఈసారి తల ఎత్తింది. ఆమె ముఖంలో వెటకారం లేదు. అదే శౌరమ్మను ఎక్కువ బాధపెట్టింది.

"మనం ఎక్కడ కూర్చుంటున్నాం, మీరే చెప్పండి. ఆ పీట బయటికెళ్ళి ఎన్నాళ్ళయింది? ప్రొవిన్షియల్ గారు ముందే అన్నారు, ఆ పని ఇంకా చేసే ఇల్లు ఒక్కటున్నా పీట ఆ ఇంట్లోనే ఉండనిద్దామని. ఉందని నేను అబద్ధం చెప్పలేను కదా సిస్టర్."

ఆ మాట శౌరమ్మను రోజంతా తొలిచింది. పీట అద్దాల్లోకి పోతే, తను మిరపకల్లం నుంచి వెతుక్కుంటూ వచ్చిన పని తనతోనే ముగిసిపోతుంది. ఆ తరవాత ఆ చిన్న బోర్డు తీసేసినా ఎవరికీ తేడా తెలియదు.

శుక్రవారం సాయంత్రం వడ్రంగి వచ్చి పీటను గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ పూశాడు. పొద్దుటిదాకా ముట్టుకోవద్దన్నాడు. ఏళ్ళ చెమటతో నల్లబడ్డ చెక్క తళతళలాడింది. పోయినవాళ్ళకు పౌడరు రాసినట్టనిపించింది శౌరమ్మకు.

ఆ సాయంత్రమే పై అంతస్తులో ఉండే ధాత్రి డెస్క్ దగ్గర వచ్చి నిలబడింది. భీమవరం పిల్ల, డేటా సైన్స్ కోర్సు చేస్తోంది. చాలాసేపు తాళంచెవులు కెలికి, "నా మీద కోపంగా ఉన్నారా సిస్టర్?" అని అడిగింది.

ఎందుకమ్మా అంది శౌరమ్మ.

"పొద్దున ఇంకా చీకటుండగానే వరండాలో గుడ్‌మార్నింగ్ చెప్తే పలక్కుండా వెళ్ళిపోయారు. ఆ స్టూలు చంకలో పెట్టుకుని. చెప్పులు కూడా వేసుకోలేదేంటి, కాళ్ళకి ఏమన్నా గుచ్చుకుంటుందండీ అందామంటే ఈలోగా గేటు దాటేశారు."

ఆ పిల్ల చెప్పిన వేళకు శౌరమ్మ తన గదిలో మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. పరధ్యానంలో ఉన్నానమ్మా అని చెప్పి పంపేసింది. తరవాత ముందు గదిలో వేలాడే మదర్ రోసమ్మ పటం ముందు నిలబడింది. ఎన్నో ఏళ్ళుగా ఆ పటానికి ఆమే దండ వేస్తోంది. చీర అంచు కింద కనిపించే దుమ్ముపట్టిన పాదాలను మాత్రం ఆ రోజే పట్టి పట్టి చూసింది.

శనివారం తెల్లవారుజామున ఆమె చాపెల్ తాళం తీసింది. పీట తలుపు వైపే ఉంది. వంగి చెయ్యి ఆనిస్తే, సగం ఆరిన వార్నిష్ అరచేతికి అంటుకుంది. కింద వెచ్చదనం. అప్పుడు చూసింది పీట కాళ్ళను. మూడు కాళ్ళ చివరలూ తెల్లగా ఉన్నాయి. తడి వార్నిష్‌కు ఏదో పొడి మందంగా పట్టుకుంది. వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

గోధుమపిండి. అప్పుడే ఆడించిన, వేడి తగ్గని పిండి వాసన.

శౌరమ్మ నేల మీద చతికిలబడింది. గేటు దగ్గర ఎవరూ లేరు, ఎక్కడికని వెళ్ళను, అని కదా ఇన్నాళ్ళూ అనుకుంది. ఎక్కడికో పీటే చెబుతోంది ఇప్పుడు. మొదట చూసినవాళ్ళదే వంతు. రోజూ చూసింది తనే. ఎక్కడో ఒక మనిషి తోడు కోసం చూస్తుంటే, ఏ అవసరమూ లేదన్నట్టు రోజూ పీటను తిప్పేసింది కూడా తనే.

పీట ఎత్తుకుని బయటికి వస్తుంటే జసింత ఎదురైంది. తెల్లబడ్డ కాళ్ళు చూసి, వడ్రంగి రంపపు పొట్టులో పెట్టి ఉంటాడు, మళ్ళీ రప్పించి గీకించాలి అని విసుక్కుంది. తరవాత శౌరమ్మ కాళ్ళకున్న చెప్పులూ చంకలో పీటా కలిపి చూసి ఆగిపోయింది.

"ఎక్కడికి సిస్టర్?"

"చూశాను కదా. నా వంతు."

"రేపు ప్రొవిన్షియల్ గారు వస్తున్నారు. దానికేమన్నా అయితే ఏం చెప్పను?"

శౌరమ్మ అప్పటికే గేటు తీసింది.

సందులో అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. రోజూ ఆమెను చూసి తోక ఆడించే కుక్కలు పడుకున్నచోటినుంచి లేచి గోడకు ఒదిగాయి. అవి చూస్తున్నది ఆమెను కాదు. ఆమెకు కాస్త ముందు, కాస్త పక్కగా ఉన్న ఖాళీ జాగాను. ఆ జాగా ముందుకు పోతున్నట్టే వాటి కళ్ళు నెమ్మదిగా కదిలాయి. శౌరమ్మ అటు తల తిప్పలేదు.

ఇడ్లీ బండి నడిపే ఆమెను, పిండి ఆడించే గిర్నీ ఎక్కడుందని శౌరమ్మ అడిగింది. ఇంకెక్కడి గిర్నీలు, అందరూ పొట్లాల పిండి కొంటుంటే అన్నీ మూసేశారు, పంజాగుట్ట పోయేదారిలో మెట్రో స్తంభాలకు ఎడమపక్క సందులో ఒక్కటి ఆడుతోంది అందామె. శౌరమ్మ ఆ దారిన నడిచింది. ల్యాప్‌టాప్ సంచులు తగిలించుకున్న కుర్రాళ్ళు పీటను చూసి, ఆమెను చూసి, పక్కకు తప్పుకున్నారు. వార్నిష్ చీరకు అంటుకుని, అడుగు వేసినప్పుడల్లా లాగుతోంది. ఎవరో కొంగు పట్టుకుని తొందర చేస్తున్నట్టుంది.

గిర్నీ నడిపే మహిపాల్ కనుబొమల దాకా తెల్లగా ఉన్నాడు. గోధుమలా జొన్నలా అని అడిగాడు. ఇక్కడ ఎవరికైనా ఒంట్లో బాగాలేదా బాబూ అని శౌరమ్మ అడగ్గానే మిషను కట్టేశాడు.

"మీకెవరు చెప్పిండ్రు?"

జవాబు కోసం ఆగకుండా తనే చెప్పాడు. గిర్నీ వెనక గదిలో ఒక సారు ఉంటున్నాడు. ఒకప్పుడు సోమాజిగూడలో ఏదో పేపర్‌లో ప్రూఫులు దిద్దేవాడు. మహిపాల్ వాళ్ళ నాన్న ఉన్నప్పటినుంచీ ఆ గదిలోనే. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు ఎవరూ లేరు.

"పెద్ద దవాఖానకు తీస్కపోయిన. ఇగ చేసేదేం లేదు, ఇంటికి తీస్కపోండ్రి అన్నరు. ఇల్లేడున్నది ఆయనకు? గిదే ఇల్లు." మహిపాల్ ఆమె మెడలోని సిలువను చూశాడు. "మతం గితం అంటే నేనైతె ఒప్పుకోను సిస్టరమ్మా. ముందుగాలే చెప్తున్న."

"ఏమీ చెయ్యను. కూర్చుంటానంతే."

"ఒట్టిగ కూసుంటరా?"

"ఒట్టిగానే."

మహిపాల్ ఆమె చంకలోని పీటను చూసి గొంతు తగ్గించాడు.

"ఒక మాట చెప్త, నవ్వొద్దు. గీ నడుమ సారు పొద్దుపొద్దుగాల ఎవరితోనో మాట్లాడుతుండు. చాయ్ తీస్కపోతె, ఆ అమ్మకు సుత జర పొయ్యి మహిపాల్ అంటడు. ఏ అమ్మ సారూ, ఎవ్వరు లేరు గద అంటే, నన్నే పిచ్చోని లెక్క చూస్తడు."

ఆ గదికీ గిర్నీకీ నడుమ గోడలో పైన ఒక కంత ఉంది. అందులోంచి రాలే పిండి గదిలో అన్నిటి మీదా పరుచుకుంది. పుస్తకాల మీద, నీళ్ళ కుండ మీద, కిటికీ ఊచల మీద. నేల మంచు పట్టినట్టుంది. మహిపాల్ చెప్పుల గుర్తులు గుమ్మం నుంచి మంచం దాకా వెళ్ళి తిరిగి వచ్చాయి. వాటి పక్కనే చిన్న పాదాల గుర్తులు, చెప్పులు లేనివి. అవి మంచం దాకా వెళ్ళాయి. తిరిగి రాలేదు.

మంచం పక్కన పిండిలో మూడు గుండ్రటి మచ్చలు ఉన్నాయి. ఒక్కోదాని చుట్టూ గోధుమరంగు వార్నిష్ మరక.

శౌరమ్మకు వెళ్ళిపోవాలనిపించింది. గుమ్మం పట్టుకుని నిలబడి, నీ ముందున్న మనిషిని చూడు అన్న ఇన్నాసమ్మ మాటను మనసులో ఒకటికి రెండుసార్లు అనుకుంది. చూసింది. మంచం మీద ఎముకలగూడులాంటి ముసలాయన, దుప్పటి మీద చేతులు పెట్టుకుని, బడిలో పిల్లాడిలా బుద్ధిగా ఎదురుచూస్తున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి పీట దించింది. తను సరిచూసి పెట్టలేదు. అయినా మూడు కాళ్ళూ ఆ మూడు మచ్చల్లోనే కుదురుకున్నాయి.

ఆయన కళ్ళు తెరిచాడు.

"వచ్చారా," అన్నాడు. "ఆవిడ రోజూ చెబుతూనే ఉందండి. ఇవాళ వస్తుంది, ఇవాళ తప్పకుండా వస్తుంది అని. మీరు వచ్చేదాకా మీ బదులు తను కూర్చుంటానంది."

ఆలస్యమైంది, క్షమించండి, అంది శౌరమ్మ. తరవాత నియమం ప్రకారం పేరు అడిగింది.

"సారంటారు అందరూ."

"పూర్తి పేరు చెప్పండి."

"వీరవెంకటసత్యనారాయణ." ఆయన పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. "అంత పొడుగు పేరు ఎవరిక్కావాలండీ ఇప్పుడు."

"నాక్కావాలి."

ఇక మాటలు లేవు. పొద్దెక్కింది. గోడ అవతల గిర్నీ మొదలవుతోంది, ఆగుతోంది. పిండి సన్నగా రాలుతోంది, ఆయన జుట్టు మీద, ఆమె భుజాల మీద. మహిపాల్ చాయ్ తెచ్చి, అలవాటైపోయిందేమో, రెండు గ్లాసుల పక్కన మూడోది కూడా పెట్టి, ఎందుకు పెట్టానా అన్నట్టు దానివంక చూసి వెళ్ళిపోయాడు. మధ్యమధ్య ఆయన చూపు శౌరమ్మ భుజం మీదుగా వెనక్కి పోయి అక్కడ నిలుస్తోంది. ఎవరితోనో ఒప్పుకున్నట్టు తల ఊపుతున్నాడు. ఆమె మెడ వెనక చల్లగా ఉంది. ఆమె తల తిప్పలేదు. భయం పోలేదు గానీ, భయంతో పాటే ఇంకొకటి కూడా మెల్లగా తిరిగి వచ్చింది. ఎంత దూరంలో కూర్చోవాలో వీపుకు గుర్తుంది. ఎలా ఊపిరి తీసుకోవాలో గుర్తుంది. హాస్టల్ డెస్క్ ముందు గడిచిన ఏళ్ళు ఆ పిండి కింద ఎక్కడో పడిపోయాయి.

ఎండ వాలుతుండగా జసింత వచ్చింది. ఇడ్లీ బండి నడిపే ఆమెను అడిగి, గిర్నీ వెతుక్కుంటూ వచ్చిందని తరవాత తెలిసింది. పొద్దుటినుంచీ ఫోను ఎత్తని మనిషి మీద కోపంతో ఏవో మాటలు సిద్ధం చేసుకుని గుమ్మంలో అడుగుపెట్టి, నేలను చూసి ఆగిపోయింది. చెప్పుల గుర్తులు, చెప్పులు లేని పాదాల గుర్తులు, పీట కాళ్ళ కింద మరకలు, ఒక్కొక్కటే చూసింది. తన చెప్పులు బయట విడిచి, చప్పుడు చేయకుండా లోపలికి వచ్చి గోడ వారగా నిలబడింది.

ముసలాయన కళ్ళు జసింత మీదికి వెళ్ళాయి. అక్కడినుంచి శౌరమ్మ మీదికి, ఆమె భుజం వెనక్కి వెళ్ళాయి.

"ముగ్గురయ్యారు," అన్నాడు తృప్తిగా. "ఇక చాలు."

జసింత చేయి గోడను పట్టుకోవడం శౌరమ్మకు కంటి కొసనుంచి కనిపించింది.

పొద్దుగూకే వేళకు ఆయన ఊపిరి మారింది. ఆ మార్పు శౌరమ్మకు బాగా తెలిసినదే. ఆమె ముందుకు వంగి, చెవి దగ్గర పెదవులు పెట్టి, ఒక్క అక్షరం కూడా మింగకుండా ఆ పేరు పలికింది. వీరవెంకటసత్యనారాయణ. ఎవరో దూరంనుంచి పిలిస్తే పలికినవాడిలా ఆయన కొద్దిగా తల తిప్పాడు. అంతే. గోడ అవతల మహిపాల్ మిషను కట్టేశాడు.

ఆ నిశ్శబ్దంలో జసింత ఒక్కసారిగా ఒదిగి, గుమ్మానికి అడ్డు తప్పుకుంది. బయటికి వెళ్ళే మనిషికి దారి ఇచ్చినట్టు. ఇచ్చాక గానీ, ఎవరికి ఇచ్చిందో ఆమెకే తెలియలేదు. గది నడుమ ఒక అడుగు ఖాళీ జాగాను చూస్తూ నిలబడిపోయింది.

మిగతా కార్యమంతా మహిపాల్ చూసుకున్నాడు. తన మనిషిలాగే పంజాగుట్ట శ్మశానానికి తీసుకెళ్ళి నిప్పు పెట్టాడు. ఆయన పూర్తి పేరు ఏంటని అక్కడివాళ్ళు అడిగితే చెప్పగలిగాడు.

సిస్టర్లిద్దరూ మఠానికి తిరిగి వచ్చారు. చాపెల్లో శౌరమ్మ పీటను మూలన దించి, సిలువ గుర్తున్న కాలు మందసం వైపు తిప్పింది. ఈసారి అలా తిప్పే హక్కు తనకుంది. చెక్క చల్లగా ఉంది.

ఆదివారం ప్రొవిన్షియల్ గారు వచ్చారు. అద్దాల పెట్టెను జాగ్రత్తగా వ్యాన్‌లో ఎక్కించారు. లోపల పీట లేదు. మదర్ రోసమ్మ జపమాల ఉంది. ఆ పని ఇంకా చేసే ఇల్లు ఒకటుందని, అది ఇదేనని జసింత చెప్పింది. ప్రొవిన్షియల్ గారు పీటను చేతుల్లోకి తీసుకుని, వార్నిష్‌లో గట్టిపడిపోయిన పిండిని గోటితో గీకి, ఇదేమిటమ్మా ఇలా పాడైంది, మళ్ళీ పూత వేయించకపోయారా అన్నారట. అలాగే ఉండనివ్వండి సిస్టర్ అందట జసింత. చిన్న బోర్డుకు రంగు వేయడానికి మర్నాడు మనిషి వచ్చాడు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక తెల్లవారుజామున మోకాళ్ళ నొప్పితో శౌరమ్మ లేవడం ఆలస్యమైంది. చాపెల్ తలుపు అప్పటికే తీసి ఉంది. లోపల జసింత ముక్కాలిపీట ముందు మోకరించి, చెక్క మీద అరచెయ్యి ఆనించి ఉంది. ఎంతసేపటినుంచి అలా ఉందో తెలియదు. సిలువ గుర్తున్న కాలు గుమ్మం వైపు ఉంది.

"వెచ్చగా ఉంది," అంది జసింత తల తిప్పకుండా.

శౌరమ్మ గుమ్మం దాటి ఆమె పక్కకు వచ్చింది.

జసింత పీట కాలి చివర తడిమి, వేలికి అంటిన నల్లటి నుసిని దీపం వెలుగులో చూసుకుంది. బొగ్గు. శ్రీనగర్ కాలనీలో ఇస్త్రీ బండి వాళ్ళుంటారు కదా, అని తనలో తను అనుకున్నట్టు గొణిగింది.

"మీరు వస్తారా సిస్టర్? నేనెప్పుడూ కూర్చోలేదు."

"మొదట చూసిందెవరు?" అంది శౌరమ్మ.

జసింత లేచింది. పీట ఎత్తి చంకన పెట్టుకుంది. మంచానికి మూరెడు దూరంలో వేసుకోమని, పేరు పూర్తిగా అడగమని, వెనక్కి మాత్రం తిరిగి చూడొద్దని చెబుతూ శౌరమ్మ గేటు దాకా వచ్చి, తలుపు తీసి పట్టుకుంది.

సందులో పడుకున్న కుక్కలు లేచి గోడలకు ఒదిగాయి. ఒక్క మనిషికి కాదు, ఇద్దరు పక్కపక్కన నడిచేంత దారి ఇచ్చాయి.